నాణెముపై బొమ్మ

హైదరాబాదు పాతనగరములో చార్మినారును చూడని బాలుడుండడు. ఆ కట్టడము ఒకప్పుడు వెండి రూపాయిపై గూడ నిలిచియుండెను. 1911 నుండి 1948 వరకు ఏలిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ రూపాయిపై నాలుగు మినారులును, నడిమి ద్వారములో ఉస్మాన్ అను పేరులోని మొదటి అక్షరమును కానవచ్చును. రాజును ఎన్నడును చూడని పల్లెవాడు సైతము ఆ బొమ్మను చూచి రూపాయిని నమ్మెడివాడు. నాణెముపై బొమ్మ కేవలము అలంకారము కాదు. అది రాజు ప్రజల కిచ్చిన మాట.

ఈ రహస్యమును రెండువేల యేండ్లకు పూర్వమే రోము చక్రవర్తు లెరిగియుండిరి. వారి వెండి నాణెమునకు దెనారియస్ అని పేరు. దాని తూకము నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ. అట్టి నాణెములు మన నేలలోను దొరకినవి. నల్లగొండ సీమలోని అక్కెనపల్లిలో సుమారు 1,500 దెనారియస్‌లు బయటపడినవి. వానిలో అధికభాగము అగస్టస్, టైబీరియస్ అను చక్రవర్తులవి. మన దేశపు మిరియములు, ముత్యములు, సన్నని నూలుబట్టలు ఓడలపై రోమునకు పోగా, వాని వెలగా వెండి బంగారములు ఇటు వచ్చెను. తమ ధనము ఏటేట భారతదేశమునకు తరలిపోవుచున్నదని ప్లీని అను రోము పండితుడు వాపోయెను.

అగస్టస్ నాణెమును చూడుడు. ఒకవైపు ఆకులదండ ధరించిన చక్రవర్తి శిరస్సు. రెండవవైపు ఇద్దరు యువకులు, వారి నడుమ డాళ్లు, ఈటెలు. ఆ యువకులు గాయస్, లూసియస్. చక్రవర్తి దౌహిత్రులు, దత్తపుత్రులు. తన తరువాత వీరే ప్రభువులని ఆ బొమ్మ లోకమునకు చాటెను. కాని విధి వేరుగా తలచెను. లూసియస్ క్రీ.శ. 2లోను, గాయస్ క్రీ.శ. 4లోను మరణించిరి. క్రీ.శ. 14లో సింహాసనము టైబీరియస్‌నకు దక్కెను. అతని నాణెముపై రాజదండమును, చెట్టుకొమ్మను పట్టి కూర్చున్న స్త్రీమూర్తి కలదు. ఆ కొమ్మ శాంతికి గురుతు.

లాటిను లిపి నెరుగని మన వర్తకులకు ఈ కథలతో పనియేమి? వారు చూచినది వెండిని. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దెనారియస్ తూకమును, అందలి వెండిపాలును తగ్గించెను. ముఖమున రాజఠీవికి మాత్రము లోటు లేదు! అయినను మన దేశమున దొరకిన దెనారియస్‌లలో అధికభాగము అంతకు పూర్వము ముద్రించినవే. మేలిమి నాణెమేదో మనవా రెరిగియుండిరి.

నాణెము చాటిన వారసులు నిలువలేదు, సామ్రాజ్యమును నిలువలేదు. మేలిమి వెండి మాత్రము మన మట్టిలో చెక్కుచెదరక నిలిచినది. మనుష్యుని మాటకును తూకమే ప్రాణము.