ఉంగరాల జుట్టు – తగిన కత్తిరింపు, తగిన సంరక్షణ



చర్మవ్యాధుల ఓ.పి.కి ఆడపిల్లలను తీసుకువచ్చే తల్లుల నోట తరచుగా వినే మాట ఇది: "డాక్టరమ్మా, మా పాప జుట్టు ఊడిపోతోంది. ఏదైనా నూనె గానీ మాత్రలు గానీ రాయండి." పాపను వెలుతురులో కూర్చోబెట్టి చూస్తే నడినెత్తిన జుట్టు దట్టంగానే ఉంటుంది. పలచబడింది కణతల దగ్గర, నుదుటి అంచున, చెవుల పైన. అక్కడ నూగులాంటి పొట్టి వెంట్రుకలు, కొందరికి చిన్న చిన్న ఎర్రటి పొక్కులు కూడా కనిపిస్తాయి. రోజూ జడ ఎలా వేస్తారని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. "దీనిది వాళ్ల నాన్నలాగే ఉంగరాల జుట్టండీ. ఎంత నూనె పెట్టినా లొంగదు. బాగా బిగించి వేస్తేగానీ స్కూల్లో ఊరుకోరు."

ఇలాంటి పాపకు ముందుగా కావలసినది వదులు జడ, ఆ తరువాత ఆ జుట్టు స్వభావం తెలిసి చేసిన కత్తిరింపు. ఈ పాఠంలో ఆ రెండింటి గురించి తెలుసుకుందాం.

జుట్టు ఎందుకు ఉంగరాలు తిరుగుతుంది?

వెంట్రుక పుట్టే గుంట చర్మంలో నిటారుగా ఉంటే వెంట్రుక సూటిగా వస్తుంది. గుంట వంపు తిరిగి ఉంటే వెంట్రుక కూడా ఆ వంపుతోనే బయటికి వస్తుంది. అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే సూటి వెంట్రుక ఇంచుమించు గుండ్రంగా, ఉంగరాల వెంట్రుక అణచినట్టు కోలగా కనబడుతుంది. ఇది తల్లిదండ్రుల నుండి వచ్చే లక్షణం. ఏ నూనె గానీ, ఏ షాంపూ గానీ దీనిని మార్చలేదు. యుక్తవయసులోను, కాన్పు తరువాత మాత్రం కొందరి జుట్టు తీరు దానంతట అదే మారుతుంది. క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకున్నవారికి కూడా, ముందు సూటిగా ఉన్న జుట్టు మళ్లీ మొలిచేటప్పుడు ఉంగరాలుగా రావచ్చు. అందుకు కంగారు పడనక్కరలేదు.

నెత్తిమీద చర్మంలో ఊరే సహజమైన నూనె సూటి వెంట్రుక మీద చివరిదాకా జారుతుంది. ఉంగరాల వెంట్రుకలో మలుపు మలుపునా ఆగిపోతుంది. అందుచేత కుదుళ్లు జిడ్డుగా ఉన్నా కొసలు పీచులా ఎండిపోతాయి. మలుపు ఉన్నచోటే వెంట్రుక బలహీనంగా కూడా ఉంటుంది. లాగితే తెగేది అక్కడే. ఉంగరాల జుట్టు ఉన్నవారు పడే ఇబ్బందులన్నీ దాదాపు ఈ రెండు కారణాల నుండి పుట్టినవే.

జుట్టు సూటిగా ఉంటేనే అందం అనే తలంపు ఎక్కడ నుండి వచ్చిందో గానీ, పరమగీతము 5వ అధ్యాయంలో ప్రియురాలు తన ప్రియుని అందాన్ని వర్ణించేటప్పుడు అతని నల్లని ఉంగరాల జుట్టునే మెచ్చుకుంటుంది.

బిగుతు జడ చేసే హాని

వెంట్రుకను రోజూ ఒకే దిక్కుకు గట్టిగా లాగి కడితే కుదురు వాచి, వదులై, వెంట్రుక రాలిపోతుంది. దీనిని వైద్యులు ట్రాక్షన్ అలొపీషియా అంటారు. మొదటి దశలో గుర్తించి లాగడం మానితే కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే కుదురు మచ్చకట్టిపోతుంది. తరువాత ఎంత ఖరీదైన మందు రాసినా అక్కడ వెంట్రుక మొలవదు. జడ వేశాక కనుబొమలు పైకి లాగినట్టు ఉన్నా, నెత్తి నొప్పి పుట్టినా ఆ జడ బిగుతుగా ఉన్నట్టే లెక్క. "అలవాటైపోతుందిలే" అని పిల్లను సముదాయించకండి. విప్పి మళ్లీ వేయండి. బరువైన సవరం, జడగంటలు, తలనిండా పూలు పండుగపూట ఒకరోజు పెట్టుకుంటే పరవాలేదు గానీ రోజూ మంచిది కాదు.

చిక్కు తీసే పద్ధతి

పొడిగా ఉన్న ఉంగరాల జుట్టును సన్నపళ్ల దువ్వెనతో పైనుండి కిందికి దువ్వడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. చిక్కంతా కొసల దగ్గర ముడిపడి, తల్లి విసిగి ఒక్క లాగు లాగుతుంది, పిల్ల ఏడుస్తుంది. తలస్నానం తరువాత, జుట్టు ఇంకా చెమ్మగా ఉన్నప్పుడు కొద్దిగా కండిషనర్ గానీ నాలుగు చుక్కల కొబ్బరినూనె గానీ రాసి, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో ముందు కొసలు, తరువాత మధ్య, చివరికి కుదుళ్లు అనే వరుసలో చిక్కు తీయాలి. తీసేటప్పుడు చిక్కుకు పైన జుట్టును ఎడమచేత్తో పట్టుకుంటే కుదురు మీద లాగుడు పడదు. ఆ తరువాత మరుసటి తలస్నానం వరకు వేళ్లతో సరిచేసుకుంటే చాలు.

కొబ్బరినూనె తలస్నానానికి ముందు రాయడం మన పెద్దల మంచి అలవాటు. అది వెంట్రుకలోకి ఇంకి, కడిగేటప్పుడు వెంట్రుకలోని మాంసకృత్తులు పోకుండా కొంత కాపాడుతుంది. కుంకుడుకాయ రసం మురికిని బాగా వదిలిస్తుంది గానీ ఎండిన జుట్టును మరింత ఎండబెడుతుంది. వాడేవారు పలచగా కలుపుకోండి. తువ్వాలుతో దులిపి, రుద్ది ఆరబెట్టకండి. పాత నూలుబట్టతో అదిమితే చాలు.

పేలు పడితే మాత్రం సన్నపళ్ల పేలదువ్వెన తప్పదు. జుట్టుకు కండిషనర్ బాగా పట్టించి, పాయలు తీసి దువ్వితే ఉంగరాల జుట్టులో కూడా అది నడుస్తుంది. పేల కోసం పిల్లకు గుండు చేయించనవసరం లేదు.

కత్తిరింపు ఎలా ఉండాలి?

ఇక అసలు విషయానికి వద్దాం. పార్లర్‌కు వెళ్లి వచ్చి "చెవుల దాకా పోయింది" అని కన్నీళ్లు పెట్టుకునే అమ్మాయిలు చాలామంది. తప్పు ఎక్కడ జరిగిందంటే, తడి జుట్టును దువ్వెనతో సాగదీసి భుజం దగ్గర కత్తిరించారు. ఆరిన తరువాత ఉంగరం చుట్టుకుని పైకి పోయింది. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. తడిగా ఉన్న ఒక పాయను కిందికి లాగి ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టుకోండి. అదే పాయ ఆరాక ఎక్కడ ఆగిందో చూడండి. ఆ తేడా కొందరికి రెండు అంగుళాలు, బాగా బిగిసిన ఉంగరాలైతే అందులో సగం పొడవు కూడా ఉండవచ్చు. ఒకే తలలో మెడ వెనుక ఒక తేడా, నుదుటి దగ్గర ఒక తేడా కూడా ఉంటుంది.

అందుచేత ఉంగరాల జుట్టును కడిగి, చిక్కు తీసి, దాని తీరున ఆరనిచ్చి, పొడిగా ఉన్నప్పుడు కత్తిరించడం మేలు. నూనె పెట్టి, జడ వేసుకుని పార్లర్‌కు వెళ్లకండి. జడ విప్పిన జుట్టు సాగి ఉంటుంది గనుక కత్తిరించేవారికి దాని అసలు పొడవు తెలియదు. మొదటిసారి మీరు కోరుకున్నదానికంటే రెండు అంగుళాలు పొడవుగానే ఆపమనండి. ఇంటికి వచ్చి ఒకసారి తలస్నానం చేసి చూసుకున్నాక ఇంకా తగ్గించాలనిపిస్తే మళ్లీ వెళ్లవచ్చు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. తొందరపడి పోగొట్టుకున్న రెండు అంగుళాలు రావడానికి అయిదు నెలలు ఆగాలి.

ఆకారం సంగతి. ఒత్తైన ఉంగరాల జుట్టును కిందంతా ఒకే గీతగా కత్తిరిస్తే నెత్తిన అణిగి, కింద గొడుగులా విచ్చుకుంటుంది. పైపొరలు కొంచెం పొట్టిగా, కిందిపొరలు పొడవుగా ఉండేలా కత్తిరిస్తే బరువు సమంగా పరుచుకుని ఉంగరాలు చక్కగా కూర్చుంటాయి. దీనినే పార్లర్లలో లేయర్స్ అంటారు. పొరల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉండకూడదు. ఒత్తు తగ్గిస్తామని పళ్ల కత్తెర వేయబోతే వద్దనండి. నడుమ తెగిన పొట్టి వెంట్రుకలు పైకి లేచి జుట్టును మరింత చెదిరేలా చేస్తాయి.

ముఖానికి ఏది నప్పుతుందని అడుగుతారు. గుండ్రటి ముఖానికి గడ్డం దాటి దిగే పొడవు, నెత్తిమీద కాస్త ఎత్తు నప్పుతాయి. కోల ముఖానికి బుగ్గల పక్కన ఉంగరాలు నిండుగా ఉంటే బాగుంటుంది. నుదురు విశాలమైతే ముందు ఒకటి రెండు పాయలు వదలవచ్చు, అయితే అవి ఆరాక ఇంకా పైకి పోతాయని గుర్తుంచుకొని పొడవుగా వదలాలి. ఇవన్నీ ఉజ్జాయింపులే. బడికి వెళ్లే పిల్ల విషయంలో అందంకంటే ముందు ఒకటి చూడాలి. జుట్టు వదులుగా ఒకే రబ్బరుబ్యాండులో ఇమిడేంత పొడవైనా ఉండాలి, లేదా అసలు కట్టనవసరం లేనంత పొట్టిగానైనా ఉండాలి. ఈ రెంటికీ మధ్య ఆగిన జుట్టునే రోజూ బిగించి కట్టవలసి వస్తుంది.

కొన్ని సంఘాలలో స్త్రీలు జుట్టు కత్తిరించుకోకూడదని 1 కొరింథీయులకు 11వ అధ్యాయాన్ని బట్టి నమ్ముతారు. ఆ నమ్మికను మేము ఆక్షేపించడం లేదు. అటువంటివారు చిక్కు తీసే పద్ధతి, వదులు జడ ఈ రెండూ పాటిస్తే కత్తెర లేకుండానే చాలావరకు మేలు పొందుతారు. పాపిటను వారానికొకసారి మార్చండి. రాత్రి పడుకునేటప్పుడు జడ విప్పి, వదులుగా అల్లి, దిండుకు నున్నటి గుడ్డ వేసుకోండి.

మగపిల్లల గురించి

ఉంగరాల జుట్టున్న మగవారు మెడ వెనుక చర్మం కనబడేలా బ్లేడుతో గీయించుకుంటే తెగిన వెంట్రుక మొన వంగి తిరిగి చర్మంలోకి గుచ్చుకుంటుంది. అక్కడ పొక్కులు లేచి, గిల్లినకొద్దీ గట్టిపడి, కొందరికి ఉబ్బెత్తు మచ్చలుగా మిగిలిపోతాయి. వీరు మెడ దగ్గర బ్లేడు వేయించుకోక, మిషన్‌తో కూడా కొద్దిపాటి జుట్టు మిగిల్చి కత్తిరించుకోవాలి. ఎవరికైనా సరే కొత్త బ్లేడు వేయమని అడగండి. ఒకరికి వాడిన బ్లేడు ద్వారా హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం ఉంది.

జుట్టును సూటిగా చేయించుకోవచ్చా?

పెళ్లి కుదరగానే అమ్మాయికి జుట్టు సూటిగా చేయించాలనే ఒత్తిడి మొదలవుతుంది. రీబాండింగ్ మందులు వెంట్రుక లోపలి బంధాలను తెంచి, ఆపైన వేడి ఇస్త్రీతో సూటిగా అతుకుతాయి. నెత్తికి తగిలితే చర్మం కాలుతుంది. సూటిగా మారిన జుట్టు కిందకు దిగుతూ ఉంటే కుదుళ్ల నుండి మళ్లీ ఉంగరాలే వస్తాయి, ఆ రెండూ కలిసేచోట వెంట్రుక తెగుతుంది. కెరటిన్ పేరుతో చేసే కొన్ని చికిత్సల్లో ఫార్మల్డిహైడ్ ఉంటుంది, వేడి తగలగానే అది ఆవిరై ముక్కులోకి, కళ్లలోకి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీనిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా నిర్ధారించింది. అది లేదని చెప్పి అమ్మే వాటిలో కొన్నింటిలో గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. దానివల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి 2024లో వైద్య పత్రికలలో వచ్చింది. అమెరికాలో 33,497 మంది స్త్రీలను సుమారు 11 ఏళ్లు గమనించి 2022లో ప్రకటించిన పరిశోధనలో, జుట్టు సూటి చేసే మందులను ఏడాదికి నాలుగుసార్ల కంటే ఎక్కువ వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్ రెట్టింపుకు పైగా కనబడింది. మందే కారణమని దీనితో పూర్తిగా రుజువు కాలేదు గానీ, ఒక పెళ్లి ఫోటో కోసం ఈ ప్రమాదంలోకి దిగమని మేము చెప్పలేము. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఉబ్బసం ఉన్నవారు వీటి జోలికి పోకూడదు.

ఇప్పటికే చేయించుకున్నవారు భయపడకండి. మళ్లీ చేయించక, రెండు మూడు నెలలకొకసారి సూటి భాగాన్ని కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ పోతే ఏడాది, ఏడాదిన్నరలో మెడ దాకా సొంత జుట్టు వస్తుంది.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

నాణెమంత మేర జుట్టు ఒక్కసారిగా ఊడి నున్నగా అయినా, నెత్తిన పొలుసులు లేచి చీము పట్టినా, పిల్లలకు మెడ గ్రంథులు వాచినా, నెలసరి సరిగా లేక జుట్టు రాలుతున్నా ఇంటి వైద్యం చేయకుండా రండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు అవసరం కావచ్చు.

బడిలో రెండు బిగుతు జడలు తప్పనిసరి అంటే తల్లిదండ్రులు ముందుగా ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి. చాలామంది కారణం చెబితే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే పాపను ఓ.పి.కి తీసుకురండి. వదులుగా ఒక జడ గానీ, పొట్టి జుట్టు గానీ ఉండనివ్వమని డాక్టరుగారు చీటీ రాసి ఇస్తారు. అడగడానికి మొహమాటపడకండి.