వేలిముద్ర – ఒక అమానత్

మన తాతల కాలంలో “వేలిముద్రగాడు” అన్న మాట ఒక నింద. చదువు రానివాడు సంతకం చేయలేడు. కావున దస్తావేజు క్రింద బొటనవ్రేలిని సిరాలో అద్ది ముద్ర వేసెడివాడు. ప్రక్కనే లేఖరి “ఫలానావారి నిశాని” అని వ్రాసెడివాడు. ఉర్దూ వారికి, తెలుగు వారికి ఉమ్మడి సొత్తయిన ఈ ‘నిశాని’ అన్న మాటకు గుర్తు అని అర్థం. బిడ్డ సంతకం నేర్చిన నాడు తమ ఇంట వేలిముద్రకు కాలం చెల్లినదని తల్లిదండ్రులు సంతోషించినారు.

కాని కాలం చిత్రమైన మలుపు తిరిగినది. నేడు పట్టభద్రుడు సైతం సిమ్ కార్డు కొనుటకు, బ్యాంకు ఖాతా తెరచుటకు మరల వ్రేలు ముందుకు చాపుచున్నాడు. పూర్వం కాగితంపై నిలిచిపోయిన నిశాని ఇప్పుడు అంతర్జాలంలో క్షణమాత్రంలో ప్రయాణించి మన ఖాతా తలుపు తెరచుచున్నది. అదే నిశానితో మన పేరిట మరొకడు ఆ తలుపు తెరచినచో ఏమగును? దీనినే గుర్తింపు అపహరణ అంటున్నారు. ఈ దొంగ మన ఇంటికి రాడు. మనమే తానై బ్యాంకుకు పోవును.

వేలిముద్రను శాస్త్రంగా మలచుటలో మన దేశానికి పెద్ద పాలు ఉన్నది. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అను ఆంగ్లేయ అధికారి రాజ్యధర్ కొనాయి అను కాంట్రాక్టరు చేత ఒప్పందపత్రంపై అరచేతి ముద్ర వేయించినాడు. చేసిన ఒప్పందాన్ని రేపు కాదనకుండుటకే ఆ ఏర్పాటు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసినది. ఎడ్వర్డ్ హెన్రీ అను అధికారి క్రింద పనిచేసిన కాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను ఇద్దరు భారతీయులు ముద్రలను 1,024 గళ్ళలో వర్గీకరించు పద్ధతిని రూపొందించుటలో ప్రధానపాత్ర వహించినారు. అజీజుల్ హక్ గణితశాస్త్ర విద్యార్థి. అయినను ఆ పద్ధతికి పై అధికారి హెన్రీ పేరే స్థిరపడినది. 1901లో లండను పోలీసులు దానిని స్వీకరించినారు.

ఈ చరిత్రలో గమనింపదగిన అంశం ఒకటున్నది. వేలిముద్ర ఆది నుండి గుర్తు మాత్రమే. అది ఏనాడూ రహస్యం కాదు. గుర్తు వేరు, తాళపుచెవి వేరు. ఇంటి ముందు మన పేరు వ్రాసిన పలక అందరూ చూచుటకు ఉన్నది. తాళపుచెవి ఎవరికీ చూపకుండుటకు ఉన్నది. పేరు పలకనే తాళపుచెవిగా వాడుకొన్నచో ఆ ఇంటికి రక్షణ ఎక్కడిది? మన నిశానుల విషయంలో నేడు ఇంచుమించు ఇదే జరిగినది.

ఆధార్ ఆధారిత చెల్లింపుల విధానాన్నే తీసుకొందము. పల్లెలోని బ్యాంకు మిత్ర చిన్న యంత్రంతో కూర్చుండును. వృద్ధురాలు తన బ్యాంకు పేరు, పన్నెండు అంకెల ఆధార్ సంఖ్య చెప్పి వ్రేలు ఉంచును. డబ్బు చేతికి వచ్చును. కార్డు అక్కరలేదు, రహస్య సంఖ్యను గుర్తుంచుకొను బాధ లేదు. పట్నపు బ్యాంకుకు పోలేనివారికి ఇది గొప్ప మేలు అనుటలో సందేహం లేదు. కాని సంఖ్య, ముద్ర రెండూ పరుల చేత పడినచో ఆ మేలే కీడుగా మారును.

అవి పరుల చేత ఎట్లు పడును? ఆస్తి క్రయవిక్రయాలలో మోసాన్ని అరికట్టుటకై 2001 నాటి సవరణతో రిజిస్ట్రేషన్ చట్టంలో ఒక నిబంధన చేరినది. దాని ప్రకారం దస్తావేజుకు ఫోటో, వేలిముద్రలు జతపరచవలెను. తరువాత ఆధార్ సంఖ్యలు కూడ వాటిలో చోటు చేసుకొన్నవి. ఆ దస్తావేజుల ప్రతులు అంతర్జాలంలోకి ఎక్కినవి. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి పట్టుబడినాడు. రిజిస్ట్రేషన్ దస్తావేజులను అంతర్జాలం నుండి దింపుకొని, వాటిలోని వేలిముద్రలను రబ్బరుపై అచ్చుతీసి, ఎవరి పేర్లనో వేల సంఖ్యలో సిమ్ కార్డులను క్రియాశీలం చేసినాడని పోలీసులు వెల్లడించినారు. తరువాతి సంవత్సరాలలో ఇదే మార్గాన బ్యాంకు ఖాతాల నుండి సొమ్ము కాజేసిన ముఠాలు పలు రాష్ట్రాలలో పట్టుబడినవి. సొమ్ము పోగొట్టుకొన్నవారు ఎవరికీ ఏ రహస్యమూ చెప్పలేదు. వారు చేసినదల్లా చట్టప్రకారం పొలమో స్థలమో రిజిస్టరు చేయించుకొనుట మాత్రమే! మోసాన్ని ఆపుటకు వేసిన ముద్రయే మోసానికి ముడిసరుకు అయినది.

రహస్య సంఖ్య బయటపడినచో మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుండి 56 లక్షల మంది వేలిముద్రలు అపహరింపబడినవని ఆ ప్రభుత్వమే ప్రకటించినది. వారిలో ఒక్కరికైనను క్రొత్త వ్రేళ్ళు ఇచ్చుట ఎవరి తరం? మన ఆధార్ సంస్థ 2023లో, యంత్రంపై ఉన్నది సజీవమైన వ్రేలా, అచ్చా అని పరిశీలించు ఏర్పాటు చేసినది. మంచిదే. కాని కాపలావాడు వచ్చినాడని తలుపు తెరచి నిద్రించుట వివేకం కాదు.

మనము చేయవలసినది ఏమి? మొదటిది, ముద్రకు తాళం వేయుట. ఆధార్ సంస్థ జాలస్థలంలో గాని, ఫోనులోని యాప్‌లో గాని ‘బయోమెట్రిక్ లాక్’ అను సౌకర్యం ఉన్నది. దానిని ఒకసారి ఉపయోగించినచో మన వేలిముద్ర ఎక్కడా చెల్లదు. అవసరమైనప్పుడు కొద్దిసేపు తాళం తీసి, పని కాగానే మరల వేసుకొనవచ్చును. ఇందుకు రుసుము లేదు. ఆధార్‌కు మన ఫోను సంఖ్య జతపడి ఉండవలెను, అంతే. మన ఆధార్ ఎప్పుడెప్పుడు ఉపయోగింపబడినదో కూడ అచ్చటనే చూడవచ్చును.

రెండవది, సంఖ్యను విచ్చలవిడిగా పంచకుండుట. ఉపకారవేతనపు దరఖాస్తుల కాలంలో మన విద్యార్థులు ఆధార్ ప్రతిని వాట్సాప్‌లో జిరాక్సు దుకాణానికి పంపుదురు. ఆ ప్రతి దుకాణపు కంప్యూటరులో ఎంతకాలం పడి ఉండునో ఎవరు చూచినారు? పని కాగానే ఎదుటనే చెరిపివేయుమని కోరుటకు మొగమోటం అక్కరలేదు. పూర్తి సంఖ్య అవసరం లేనిచోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించు ఆధార్ ప్రతిని ఇవ్వవచ్చును. పదహారు అంకెల తాత్కాలిక సంఖ్య కూడ ఉన్నది. దానిని కోరినప్పుడు మార్చుకొనవచ్చును. కాగితపు ప్రతిపై ఏ పనికి ఇచ్చుచున్నామో తేదీతో అడ్డముగా వ్రాయుట మంచి అలవాటు.

మూడవది, యంత్రం ముందు జాగ్రత్త. “ముద్ర పడలేదు, మరల పెట్టండి” అన్నప్పుడు, మొదటి ప్రయత్నం విఫలమైనట్లు రసీదు అడుగవలెను. నాల్గవది, మన పేరిట ఎన్ని సిమ్ కార్డులు ఉన్నవో కేంద్రప్రభుత్వపు ‘సంచార్ సాథీ’ జాలస్థలంలో అప్పుడప్పుడు చూచుకొని, మనవి కానివానిపై అచ్చటనే ఫిర్యాదు చేయవలెను.

ఇంత చేసినను సొమ్ము పోయినచో ఏమి గతి? దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగిన సామెత కారాదు. తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకుకు వ్రాతమూలకంగా తెలిపి రసీదు తీసుకొనవలెను. బ్యాంకు తప్పుగాని, ఖాతాదారు తప్పుగాని లేక మూడవవాని వలన సొమ్ము పోయినప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాలలో తెలిపిన ఖాతాదారుపై నష్టభారం ఉండరాదని 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చినది. ఖాతాదారుదే తప్పని నిరూపించు భారాన్ని సైతం బ్యాంకుపైననే ఉంచినది. ఆలస్యమైన కొలది మన వాదం బలహీనపడును. పరుల గుర్తింపును మోసపూరితంగా వాడుకొన్నవానికి సమాచార సాంకేతిక చట్టంలోని 66సి విభాగం ప్రకారం మూడు సంవత్సరాల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చును.

భారమంతయు పౌరునిపైననే మోపుట న్యాయం కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చట్టం చేసినది. 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటింపబడినవి. మన వివరాలను సేకరించు ప్రతి కార్యాలయం, ప్రతి కళాశాల, ప్రతి దుకాణం వాటికి యజమాని కాదు, కాపరి మాత్రమే.

ఈ భావానికి ఉర్దూలో చక్కని మాట ఉన్నది – ‘అమానత్’. నమ్మి అప్పగించిన సొత్తు అని దాని అర్థం. మన పూర్వులు తెలుగులో దీనినే ‘ఇల్లడ’ అన్నారు. అమానత్‌ను వాడుకొనుట, పోగొట్టుట, పరులకిచ్చుట మూడూ దోషాలే. ఇస్లాం ధర్మం దీనిని ఎంతో గట్టిగా బోధించినది. ఏ ధర్మమూ దీనిని కాదనదు.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకుల ఇండ్లలో స్మార్టు ఫోను నడుపగల మొదటి తరం మీరే. అమ్మ పొదుపు సంఘపు ఖాతా, నానమ్మ పింఛను, నాన్న కూలిసొమ్ము – వీటి తాళపుచెవులు మీకు తెలియకయే మీ చేతికి వచ్చినవి. వారి వేలిముద్రలు మీ వద్ద అమానత్. రాబోవు సెలవులలో ఒక సాయంకాలం వారి ప్రక్కన కూర్చుండి, విషయం వారికి అర్థమగు మాటలలో చెప్పి, వారి అనుమతితో ఆ ముద్రలకు తాళం వేయుడు. మరల తీయుట ఎట్లో కూడ వారికి నేర్పుడు. లేనిచో పింఛను దినాన నానమ్మ వట్టి చేతులతో ఇల్లు చేరవలసివచ్చును. చదువురాని కాలంలో వేలు అద్ది మనలను చదివించినవారికి, చదువుకొన్న మనము చేయగల చిన్న సేవ ఇది.