పోటీ ఆటల్లో మహిళలు: ఆసక్తిని పెంచేదేమిటి, తుంచేదేమిటి?

కరోనా కారణంగా 2020లో చదరంగం ఒలింపియాడ్‌ను ఇంటర్నెట్‌లో నిర్వహించారు. ఆగస్టు 29న సెమీఫైనల్లో భారత్, పోలెండ్ జట్లు సమానంగా నిలిచాయి. విజేతను తేల్చే చివరి ఆటను గుడివాడలో పుట్టిన గ్రాండ్‌మాస్టర్ కోనేరు హంపి ఆడి, గెలిచారు. మర్నాడు ఫైనల్లో ఇంటర్నెట్ అంతరాయం వల్ల భారత్, రష్యాలను సంయుక్త విజేతలుగా ప్రకటించారు.

తెర ముందు కూర్చుని ఇంతటి ఒత్తిడిలో పోటీపడేలా చేసేదేమిటి? ప్రేరణపై పరిశోధించిన రిచర్డ్ రయాన్, ఎడ్వర్డ్ డెసీ మనిషికి మూడు మానసిక అవసరాలు ఉంటాయన్నారు. చేతనైనవారమన్న తృప్తి, సొంతంగా నిర్ణయించుకునే స్వేచ్ఛ, తోటివారితో అనుబంధం. ఈ మూడూ ఎంతగా తీరితే వీడియో గేమ్ అంతగా ఆకట్టుకుంటుందని రయాన్ బృందం 2006లో చూపింది. ఈ అవసరాలు ఆడవారికైనా మగవారికైనా ఒకటే.

మరి తేడా ఎక్కడ వస్తోంది? ఇటలీలో ఆన్ మాస్, ఆమె సహచరులు సమాన స్థాయి ఉన్న 42 స్త్రీ పురుష జంటలతో ఇంటర్నెట్‌లో చదరంగం ఆడించారు. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ప్రత్యర్థి ఎవరో తెలియనప్పుడు మహిళలు పురుషులతో దాదాపు సమానంగా ఆడారు. చదరంగంలో మగవారిదే పైచేయి అన్న అభిప్రాయాన్ని గుర్తుచేసి, ప్రత్యర్థి పురుషుడని చెప్పగానే వారి ఆట బాగా దెబ్బతింది. ప్రత్యర్థి మహిళేనని నమ్మించినప్పుడు మళ్లీ సమానంగా ఆడారు. నిజానికి అప్పుడూ అవతల ఉన్నది పురుషుడే! మారింది నైపుణ్యం కాదు, నమ్మకం. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని 'మూసాభిప్రాయాల ముప్పు' అనవచ్చు.

వీడియో గేముల్లోనూ ఇలాంటి సంగతే బయటపడింది. అమెరికాలో 'ఎవర్‌క్వెస్ట్ 2', చైనాలో మరో గేమ్ ఆడే 10 వేల మందికి పైగా ఆటగాళ్ల వివరాలను 2016లో ఒక బృందం విశ్లేషించింది. ఆడిన సమయం వంటి అంశాలను లెక్కలోకి తీసుకుంటే మహిళలు పురుషులకు తీసిపోని వేగంతోనే పై స్థాయిలకు చేరారు.

'ఆడపిల్లలకు ఇలాంటి ఆటలు రావు' అన్న మాట, చేతనవుతుందన్న తృప్తినే ముందుగా దెబ్బతీస్తుంది. అది పోతే ఆడే సమయం తగ్గుతుంది, సమయం తగ్గితే ఆటా వెనకబడుతుంది. చివరికి ఆ మాటే నిజమన్నట్లు కనిపిస్తుంది. ఇంట్లో పాప ఫోన్‌లో చదరంగమో మరో ఆటో మొదలుపెడితే, ఎవరితో ఆడుతోందని కాక, ఏ ఎత్తు వేసిందని అడిగి చూడండి.