చేత్తో వేసిన పటమని చెప్పి ప్రింటు అంటగడితే

ఆ మధ్య ఎటపాక నుంచి ఒక టీచరమ్మ చుట్టిన కాన్వాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. రవివర్మ గీసిన జటాయు వధకు నకలు అది. జటాయువు పడిన చోటు కాబట్టే తమ ఊరికి ఆ పేరొచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కొత్తింటి హాల్లో ఆ పటమే ఉండాలని పట్టుబట్టి, భద్రాచలంలో ఒక షాపులో 18 వేలు కట్టారావిడ. "పూర్తిగా చేత్తో వేసిన ఆయిల్ పెయింటింగ్" అని షాపాయన వాట్సాప్‌లో రాసిచ్చాడు. తీరా ఇంటికొచ్చాక ఎందుకో అనుమానం తగిలింది.

కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూశాం. కుంచె గీతలు ఉన్నాయి, వేలికి తగులుతున్నాయి కూడా. కానీ రావణుడు నరికిన రెక్కలో ఈకలు ఒకవైపు వాలుతుంటే, గీతలు వాటికి అడ్డంగా పోతున్నాయి. ఈక వేసినవాడి కుంచె ఈక వెంటే కదా పోవాలి! భూతద్దం పెడితే సీతమ్మ మొహం నిండా సన్నటి రంగు చుక్కలు. నూనె రంగుల వాసన కాస్తయినా లేదు. ప్రింటు తీసి, పైన రంగులేని జెల్ పులిమారు.

ప్రింటు అమ్మడం తప్పని నేననను. రవివర్మే 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి తన బొమ్మలు అచ్చు వేయించాడు. సామాన్యుల ఇళ్లలోకి ఆయన దేవుళ్లు వచ్చింది ఆ అచ్చుల మీదే. ప్రింటును చేతిపని అని చెప్పి, చేతిపని ధర తీసుకోవడమే నేరం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 దీన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. డబ్బు వాపసు అడగొచ్చు, నష్టపరిహారమూ అడగొచ్చు. టీచరమ్మ బిల్లు అడిగితే షాపాయన "మనం మనం ఒక ఊరివాళ్లమే కదమ్మా" అన్నాడట. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే. బిల్లు లేదని కేసు పోదు. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ మాటలు సాక్ష్యమే, ఫోన్లోంచి తుడిచేయకండి.

టీచరమ్మకు అసలు బెంగ వేరే. "షాపు తెలంగాణలో, మా ఇల్లు ఆంధ్రాలో. ఏ కోర్టు చుట్టూ తిరగాలండీ?" 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఎటపాక వైపు ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. బజారు మాత్రం ఇప్పటికీ అందరికీ భద్రాచలమే. ఈ బెంగ అక్కర్లేదు. పాత చట్టంలో అవతలి పార్టీ ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2019 చట్టం కొనుక్కున్నవాళ్లు ఉండే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లనిస్తుంది. రాష్ట్రం హద్దు అడ్డం కాదు. చెల్లించింది 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు మాత్రం రెండేళ్లు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పుకున్నా చాలాసార్లు పని జరుగుతుంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, నంబరు 15100. మన్యంలో కోయ కుటుంబాలకు ఈ సంగతి చేరడం లేదనేదే నా బాధ.

నకలు వేయించుకోవడమే తప్పేమోనని కొందరు జంకుతారు. చిత్రకారుడు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. రవివర్మ పోయింది 1906లో, దామెర్ల రామారావు 1925లో. వాళ్ల బొమ్మలు ఎవరైనా వేయించుకోవచ్చు. వడ్డాది పాపయ్య 1992లో పోయారు కాబట్టి ఆయన బొమ్మలపై హక్కు 2052 చివరి దాకా, బాపు బొమ్మలపై 2074 చివరి దాకా ఉంటుంది. వాటికి నకళ్లు వేసి అమ్మాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. రవివర్మ నకలు మీద రవివర్మ సంతకం పెట్టి అసలుదని అమ్మితే అది మోసం, పోలీసు కేసే.

నాన్నగారి పాత ఫొటో ఇచ్చి నిలువెత్తు పటం వేయించుకునేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్తరువుపై కాపీరైటు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లదే. ఆర్టిస్టు తన షాపు క్యాలెండరు మీద మీ నాన్నగారి బొమ్మ వేసుకోవాలంటే మిమ్మల్ని అడగాలి. అలాగని పటం మీద ఆర్టిస్టు పేరు చెరిపేసే హక్కు మీకు రాదు. వేసింది తనేనని చెప్పుకునే హక్కు ఆర్టిస్టుకు ఎప్పుడూ ఉంటుంది.

షాపుకి రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాం, 15 రోజులు గడువిచ్చాం. టీచరమ్మ మాత్రం పటం ఆశ వదల్లేదు. వేరే ఆర్టిస్టుకు ఇవ్వబోయే ఆర్డరు కాగితం నా బల్ల మీదే రాసుకున్నారు: "కాన్వాసుపై నూనె రంగులతో, కింద ప్రింటు లేకుండా, పూర్తిగా చేత్తో వేయాలి. కొలత మూడడుగులు, రెండడుగులు. సగం వేశాక నేను వచ్చి చూస్తాను. అప్పుడే రెండో వాయిదా." కింద ఆర్టిస్టు సంతకానికి చోటు వదిలి, తేదీ వేశారు.