పాత క్రూజర్ మోటారు సైకిలు కొనుటకు ముందు

ఇంట మిర్చి అమ్మిన సొమ్ముతో బయ్యారం ప్రాంతపు విద్యార్థి 2005లో వెలువడిన బజాజ్ అవెంజర్ వంటి క్రూజర్ బండిని పాతది కొనదలచినచో, ఆ సొమ్ము మరల రాదు గనుక తొందరపడరాదు.

మేమైతే చల్లని ఇంజనునే చూతుము. మనము పోవుసరికే అమ్మువాడు దానిని వేడిచేసి ఉంచినచో, చల్లారువరకు కూర్చుండుటయే మేలు. స్టార్టు కాని బాధ వేడిలో కనబడదు. పొగ నీలముగా వచ్చినచో ఆయిలు కాలుచున్నదన్నమాట: పిస్టన్ రింగులో, వాల్వు సీళ్ళో అరిగియుండును. ఆ మరమ్మతు ఖరీదైనది. నల్లని పొగ పెట్రోలు అధికముగా పోవుటవలన. ఇది తరచుగా సరిచేయదగినదే.

క్రూజరుకు ముందు ఫోర్కు ఏటవాలుగా చాచియుండును. బండి ఒక ప్రక్కకు లాగినచో ఫోర్కునో చాసిస్‌నో అనుమానింపవలెను.

చాసిస్ నంబరును ఆర్‌సీతో సరిచూడవలెను. 2016 అక్టోబరు వరకు బయ్యారం ఖమ్మం జిల్లాలోనిదే గనుక పాత బండ్లపై ఏపీ 20, టీఎస్ 04 ఉండుట వింత కాదు. ఆర్‌సీలో ఫైనాన్సు కంపెనీ పేరున్నచో, ఫారం 35తో పాటు నిరభ్యంతర పత్రము చూడనిదే బయానా ఇయ్యరాదు. పేరు మార్పునకు ఫారం 29, 30లపై సంతకములు కావలెను. రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. మిగిలిన ఏండ్లు లెక్కించి ధర తగ్గింపుమని అడుగవచ్చును.