అద్దెకిచ్చుటకు ఇల్లు కొనబోయే ముందు

పాల బిల్లులో కూడబెట్టిన సొమ్ముతోనో, విశాఖలోనో హైదరాబాదులోనో పనిచేసే కొడుకు పంపిన డబ్బుతోనో పట్నంలో ఒక ఇల్లు కొని అద్దెకిద్దామని మన సభ్యులు కొందరు మమ్ములను సలహా అడుగుచున్నారు. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం, శ్రీకాకుళంలో వైద్య కళాశాల 2008లో వచ్చాయి. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలున్నాయి. ఇటువంటి చోట్ల ఇళ్లు అడిగేవారుంటారు. ఆలోచన మంచిదే. అయితే గేదెను కొనేటప్పుడు చూపే జాగ్రత్త ఇంటి విషయంలో చూపేవారు తక్కువ.

గేదె పూటకు ఎన్ని లీటర్లిస్తుందని అడిగి ఊరుకోము. ఎన్నో ఈతో, ఎన్నాళ్లు వట్టిపోతుందో, దాణాకెంతవుతుందో లెక్క వేస్తాము. ఇంటికీ వట్టిపోయే నెలలున్నవి. 18 లక్షలకు కొన్న ఇంటికి నెలకు 7,000 అద్దె వచ్చుననుకొందాము. ఏడాదికి 84,000. ఒక నెల ఖాళీగా ఉంటే 7,000 పోయినట్లే. ఇంటి పన్ను, సున్నం, మోటారు రిపేరు కలిపి 12,000 తీసివేయండి. మిగిలేది 65,000, అనగా నూటికి మూడున్నర కంటె కొంచెం ఎక్కువ. ఆ 18 లక్షలూ నూటికి 9 వడ్డీకి తెచ్చినచో ఏటా వడ్డీయే 1,62,000. ఆ లోటు పూడ్చుటకు పాడి పశువును అమ్ముకొనే స్థితి రాకూడదు. స్థలం ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగవచ్చును. కాని అది అమ్మిననాడే చేతికి వచ్చును, నెలనెలా బడి ఫీజు కట్టదు.

ఇక కాగితాలు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కనీసం 30 ఏళ్లకు ఈసీ తీయించి, లింకు దస్తావేజులతో సరిచూడవలెను. ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉన్నదేమో అక్కడే అడగండి. డి-పట్టా భూమి, చెరువు గర్భం ఇలాగే బయటపడతాయి. ఏజెన్సీ గ్రామాలలో 1970 నాటి నిబంధన ప్రకారం గిరిజనేతరులకు జరిగే భూమి బదిలీ చెల్లదు. సీతంపేట వైపు చౌకగా వస్తున్నదని వెళ్లవద్దు.

ఈసీలో కనబడనిది మరొకటి ఉన్నది: ఆడపిల్లల వాటా. పిత్రార్జితంలో కుమార్తెలకు హక్కు మన రాష్ట్రంలో 1985లోను, దేశమంతటా 2005లోను వచ్చినది. అన్నదమ్ములు నలుగురూ సంతకాలు పెట్టినా, అత్తవారింట ఉన్న అక్కచెల్లెళ్ల సంతకాలు లేకపోతే కొన్నవాడు కోర్టు మెట్లెక్కవలసి వచ్చును. కట్నం ఇచ్చేశామనే మాట అక్కడ నిలవదు. ఆమె సంతకం అడుగుటకు అమ్మేవారు మొగమాటపడితే, బయానా ఇవ్వకండి.

ఇంటిని వానాకాలంలోనే చూడండి. నాగావళి, వంశధార పొంగినపుడు నీరు ఎందాక వచ్చినదో పక్కింటివారిని అడగండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినపుడు రేకుల కప్పులు ఎగిరిపోవుట మనవారు చూచినదే. రేకుల ఇల్లయితే ఆ మరమ్మతు ఖర్చు కూడా లెక్కలో వేసుకొనవలెను.

అద్దెకిచ్చేటప్పుడు మాట మీద పోకుండా ఒప్పందం వ్రాయండి. పదకొండు నెలలకు వ్రాస్తే రిజిస్ట్రేషను అక్కరలేదనే ఊరి మాటను నమ్మక, సబ్ రిజిస్ట్రారునే అడగండి. ప్రతి పోర్షనుకూ వేరే కరెంటు మీటరు పెట్టించండి. ఒకే మీటరు మీద అందరి వాడకం కలిస్తే యూనిట్లు పై శ్లాబులోకి పోయి బిల్లు పెరుగును, తగాదా మొదలగును. అడ్వాన్సు ఎంతో, ఖాళీ చేసినపుడు అందులో దేనికి ఎంత పట్టుకొంటారో ముందే వ్రాయండి. అద్దె అందిన రోజునే రశీదు ఇవ్వండి. సంఘంలో పాలు పోసిన పూటే మనకు చీటీ ఇవ్వటం లేదా?