ఖాతాలో డబ్బు తక్కువైతే ఏమవుతుంది?



మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. బ్యాంకు ఫారం నింపేటప్పుడు అడగడానికి ఎవరూ లేక, చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. డిగ్రీ రెండో సంవత్సరంలో స్కాలర్‌షిప్ పడిందని పరీక్ష ఫీజు కోసం వెళ్తే ఆరు వందలు తక్కువున్నాయి. ఖాతా ఖాళీగా ఉన్న నెలల జరిమానా అంతా డబ్బు పడిన రోజే పట్టుకున్నారు. అది మా అమ్మ రెండు రోజుల కూలి. ఆనాడు నాకు తెలియనివి మీకు తెలియాలని ఇది రాస్తున్నాను.

పొదుపు ఖాతాలు రెండు రకాలు

మామూలు పొదుపు ఖాతాలో చాలా బ్యాంకులు కనీస నిల్వ అడుగుతాయి. తగ్గితే జరిమానా, దానిపై 18 శాతం జి.ఎస్.టి. పడతాయి. స్టేట్ బ్యాంకు 2020లో, కెనరా, పంజాబ్ నేషనల్ వంటి బ్యాంకులు 2025లో ఈ జరిమానా ఎత్తివేశాయి. అన్ని బ్యాంకులూ ఎత్తివేయలేదు.

రెండోది ప్రాథమిక పొదుపు ఖాతా. 2012లో రిజర్వు బ్యాంకు ఆదేశంతో వచ్చింది. దీనికి కనీస నిల్వ అక్కర్లేదు. నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. జన్‌ధన్ ఖాతా ఈ రకానిదే.

ఓవర్‌డ్రాఫ్ట్ అంటే?

ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకోవడానికి బ్యాంకు ఒప్పుకోవడమే ఓవర్‌డ్రాఫ్ట్. జన్‌ధన్ ఖాతాకు పదివేలు వస్తాయని మన ఊళ్ళలో అనుకుంటారు. అది ఉచితం కాదు, అప్పు. ఆరు నెలలు ఖాతా సక్రమంగా నడిపితే, బ్యాంకు ఒప్పుకుంటే, ఇంటికి ఒకరికి ఇస్తారు. ఆడవారికి ప్రాధాన్యం. వాడుకున్న సొమ్ముకు, వాడుకున్న రోజులకే వడ్డీ. ఉదాహరణకు ఏడాదికి 12 శాతం చొప్పున మూడు వేలు 30 రోజులు వాడితే వడ్డీ సుమారు 30 రూపాయలు.

జరిమానా అప్పు కాకూడదు

కనీస నిల్వ జరిమానా వల్లనే ఖాతా సున్నా కంటే కిందికి పోకూడదని 2015 ఏప్రిల్ 1 నుండి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. స్కాలర్‌షిప్ కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాను, రెండేళ్ళు వాడకపోయినా, నిష్క్రియ ఖాతాగా మార్చకూడదని 2024 ఏప్రిల్ 1 నుండి మరో నిబంధన అమలైంది.

అయితే సెల్‌ఫోను వాయిదా సంగతి వేరు. వాయిదా తేదీన డబ్బు లేకపోతే బ్యాంకు ఒక చార్జీ, అప్పిచ్చిన సంస్థ మరో చార్జీ వేస్తాయి.

మనం చేయవలసినవి

1. మీ ఖాతా ఏ రకమో ఈ వారమే బ్యాంకులో అడగండి.
2. మామూలు ఖాతా అయితే, ప్రాథమిక ఖాతాగా మార్చమని దరఖాస్తు రాసి, నకలుపై ముద్ర వేయించుకోండి.
3. నెలకోసారి పాస్‌బుక్ ప్రింటు వేయించి ప్రతి పద్దూ చదవండి.
4. తప్పు కనిపిస్తే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. సలహాకు ఫోను 14448.

నేను దరఖాస్తు ఇచ్చాక నా ఖాతా మారింది. పోయిన ఆరు వందలు మాత్రం రాలేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మానాన్నల పాస్‌బుక్కులు కూడా తెరిచి చూడండి తమ్ముళ్ళూ. వాళ్ళకు చదివి చెప్పగలిగింది మనమే.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.కాం.